పలాజోలో పాలు పొంగించిన శుక్రవారం

పలాజో అన్న మాట నేను మొదటిసారి చదివింది ఒక చెక్కపెట్టె మీద. మా సైటుకు పాలరాయి ఇటలీ నుంచి పెట్టెల్లో వచ్చేది. ప్రతి పెట్టె మీదా నల్లరంగుతో భవనం పేరు అచ్చు కొట్టి ఉండేది. ఆ పేరులో మొదటి మాట పలాజో. తక్కిన మాటలు ఇక్కడ వద్దు, ఎవరి భవనమో మనకెందుకు. దోహాలో సముద్రం వైపు ఇలాంటి పేర్లున్న భవనాలు చాలానే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా అమ్మాయిని అడిగాను. అప్పుడు పదో తరగతి చదువుతోంది, మా ఇంట్లో ఇంగ్లీషు వ్యవహారాలన్నీ తనవే.

"పలాజో అంటే ప్యాంటు గద నాయినా. కింద వెడల్పుగ ఉంటది. నాకు నీలిరంగుది కావాలె."

ప్యాంటు పేరు భవనానికి ఎందుకు పెట్టుకుంటారో నాకు అంతుపట్టలేదు. కానీ గల్ఫ్‌లో పదకొండేళ్లు పనిచేశాక మనిషి దేనికీ ఆశ్చర్యపోడు. నీలిరంగు ప్యాంటుకు మాత్రం డబ్బులు పంపాను.

నేను పాలరాయి పరిచేవాణ్ణి. కంపెనీ లెక్కలో ఫోర్మెన్‌ని, నా కింద పన్నెండు మంది. మా ఊరి లెక్కలో నాది "దుబాయ్ పని". ఇది ఖతార్ అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ మా వాళ్లకు సముద్రం దాటినదంతా దుబాయే. రాయి దగ్గర నాకు కోపం ఎక్కువ. ఒక పలకలోని చార పక్క పలకలోని చారతో కలవకపోతే నాకు అన్నం సహించదు, ఊడబెరికించి మళ్లీ పెట్టిస్తాను. మా పన్నెండుమందీ నన్ను వెనకాల "చారల సారు" అంటారని తెలుసు. అననీ. తెగిన చారను రోజూ చూస్తూ బతకాల్సింది ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లు, వీళ్లు కాదు.

భవనం పూర్తికాక ముందే మూడో అంతస్తులో ఒక్క ఫ్లాటును మాత్రం పెళ్లికూతురిలా తయారు చేసి పెట్టారు. కొనడానికి వచ్చేవాళ్లకు చూపించేందుకు. సాంపుల్ ఫ్లాటు అనేవాళ్లం. అందులో సోఫాలు, గాజు దీపాలు, తెల్లటి పరుపు, గిన్నె నిండా ప్లాస్టిక్ నిమ్మకాయలు. రోజూ డ్యూటీ అయ్యాక ఆ ఫ్లాటులో రాయి మీద పడ్డ వేలిముద్రలన్నీ తుడిచి తాళం సెక్యూరిటీకి అప్పగించాలి. అది నా పని. క్యాంపు బస్సు రావడానికి ఇంకా ముప్పావుగంట ఉండేది. లోపల ఏసీ, వైఫై. బయట మాడు పగిలే ఎండ. మీరైతే ఎక్కడ కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేస్తారు?

మొదటి రోజే మా ఆవిడ కళ్లు ఇంతింతయ్యాయి.

"ఏందయ్యా అది? ఎవలిల్లు?"

"పలాజో."

"నువ్వుండేదా?"

నమ్మండి, అబద్ధమాడాలని కాల్ చెయ్యలేదు. అంతకు వారం ముందే క్యాంపులో నీళ్ల మోటారు కాలిపోయి, ఆ కష్టమంతా ఆమెకు చెప్పి ఏడిపించాను. ఇప్పుడు ఆ ముఖంలో అంత సంబరం చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ" అన్నాను. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరాన్ని రెండేళ్లు మోశాను.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతకడమే కాదు, పాలిష్ కూడా పట్టింది. ఒకరోజు సోఫాలోంచి, ఒకరోజు బాల్కనీలోంచి, పండగ రోజున గాజు దీపాల కిందనుంచి మాట్లాడేవాణ్ణి. మా ఆవిడ బీడీలు చుడుతుంది. మా దిక్కు ఆడవాళ్లు ఒకరి వాకిట్లో పదిమంది చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని చుడతారు. చేతులు ఆకు మీద, నోళ్లు లోకం మీద. ఆ వాకిట్లోంచి పలాజో ఊరంతా పాకింది. నేను సెలవు మీద వెళ్తే మా ఊరి కిరాణా కొట్టాయన "పలాజో సేటు వచ్చిండు" అని లేచి నాకు కుర్చీ వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. కుర్చీలో మాత్రం కూర్చున్నాను.

ఆ రెండేళ్లలో నాకు రెండుసార్లు గట్టి జ్వరం వచ్చింది. రెండోసారి నాలుగు రోజులు లేవలేకపోయాను. వీడియో వద్దని మామూలు కాల్ చేసి, "జెర ఒళ్లు వెచ్చగున్నది" అన్నాను.

"ఏసీ తక్కువ పెట్టుకో. మెత్తటి పరుపున్నది గద, మంచిగ పండుకో" అంది.

మంచిగానే పండుకున్నాను. పై మంచం మీది మనిషి దొర్లినప్పుడల్లా ఇనుము కిర్రుమంటుంటే.

రాయి పంపేవాళ్ల తరఫున ఇటలీ నుంచి ఒక పెద్దాయన రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. అరవై దాటిన మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పలకల మీద అరచేయి ఆనించుకుంటూ గోడ వెంబడి నడిచేవాడు. గొర్రె వీపు నిమిరి దాని రోగం చెప్పే మా నాయన గుర్తొచ్చేవాడు నాకు. ఆయన ఇంగ్లీషూ కుంటిదే, నా ఇంగ్లీషూ కుంటిదే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. మధ్యలో "యల్లా", "అచ్ఛా" చేతికర్రల్లా పనికొచ్చేవి.

ఒక మధ్యాహ్నం సాంపుల్ ఫ్లాటులో చారలు చూస్తుండగా అడిగేశాను, పలాజో అంటే ఏంటి సార్, రాజుల ఇల్లా అని.

ఆయన నవ్వి, తానూ పలాజోలోనే ఉంటానన్నాడు. నాకు ఆయన మీద గౌరవం అమాంతం పెరిగింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. కింది ఇంటావిడ చేపలు వేయిస్తే ఈయన చొక్కాలన్నీ వాసన కొడతాయి. పై ఇంటాయన పొద్దస్తమానం కుర్చీలు జరుపుతుంటాడు. వాళ్ల దేశంలో ఇప్పుడు మామూలు జనం నోట పలాజో అంటే అంతేనట, పదిళ్లవాళ్లు ఒకే మెట్లెక్కే పెద్ద బిల్డింగు. పాత పట్నాల్లో దొరలూ షావుకార్లూ కట్టించుకున్న మేడలను కూడా అదే మాటతో పిలుస్తారు. కింద సరుకు గోదాములు, పైన కాపురం ఉండేవట.

మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నాను. పెద్దాయన జేబులోంచి పెన్సిలు తీసి పలక మీద గుట్ట బొమ్మ గీశాడు. పాలిష్ పట్టిన రాయి! వెంటనే తుడిచేసి, అట్టముక్క చేతికిచ్చాను. ఆయన తప్పు ఒప్పుకుని అట్ట మీద మళ్లీ గీశాడు. రోమ్ పట్నంలో ఏడు గుట్టలు. అందులో ఒకదాని పేరు పలాటియం. చక్రవర్తులు ఆ గుట్ట మీద ఇళ్లు కట్టుకున్నారు, ఒకణ్ణి మించి ఒకడు, చివరికి గుట్టంతా ఇల్లే అయి కూర్చుంది. జనం ఆ ఇంటిని కూడా గుట్ట పేరుతోనే పిలిచారు. తర్వాత ఎక్కడ రాజు ఇల్లు కట్టినా అదే పేరు. నోళ్లలో పడి అరిగి అరిగి పలాటియం పలాజో అయింది. ఇంగ్లీషువాళ్ల ప్యాలెస్ కూడా ఆ గుట్ట పిల్లేనట.

"రాజులకంటే ముందు ఆ గుట్ట మీద ఏముండేది?" అన్నాను.

గుడిసెలు, అన్నాడు. గొర్రెల కాపరుల గుడిసెలు. మట్టి గోడలు, గడ్డి కప్పు. గుంజలు పాతడానికి బండలో తొలిచిన గుంతలు ఇప్పటికీ అక్కడున్నాయట, వెళ్తే చూడొచ్చట. గుట్టకు ఆ పేరు ఎందుకొచ్చిందన్న దగ్గర మాత్రం పండితులు ఇంకా కొట్టుకుంటున్నారట. కాపరుల దేవత పేరు మీద వచ్చిందని కొందరు, పాతిన గుంజను పిలిచే మాట నుంచి వచ్చిందని కొందరు. ఏదీ గట్టిగా తేలలేదట.

"ఏదైతేంది సారూ, మా నాయన గొర్లు కాసెటోడే!" అని తెలుగులో అరిచేశాను. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మేం కురుమలం. నా చిన్నప్పుడు మా నాయన మందను పొలం నుంచి పొలానికి తోలుకెళ్లేవాడు. ఎరువు కోసం రైతులు పిలిచేవాళ్లు. చుట్టూ గుంజలు పాతి దడి కట్టి, మందతో పాటు మేమూ గొంగళ్లు కప్పుకుని ఆ దడిలోనే పడుకునేవాళ్లం. కొత్త పొలానికి మారిన మొదటి సాయంత్రం మా అమ్మ మూడు రాళ్లు పెట్టి పాలు పొంగించేది. అందరూ కొత్త ఇంట్లోకి దిగేటప్పుడు చేసే పనే, మేం మాత్రం మంద దగ్గర చేసేవాళ్లం. పాలు పొంగకుండా అక్కడ ఒక్కరు కూడా నడుం వాల్చకూడదు. మా నాయనతో సహా.

ఆ రోజు క్యాంపు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. బిర్కత్ అల్ అవామిర్‌లో మా క్యాంపు మూడంతస్తులు. అందరం ఎక్కేది ఒకే మెట్లు. కిందివాళ్లు చేపలు వేయిస్తే నా చొక్కాలకు వాసన. అంతస్తుల లెక్క తప్ప, పెద్దాయన చెప్పినదానికి ఒక్కటీ తప్పలేదు. అంటే రెండేళ్లుగా నేను చెబుతున్నది నిజమే! ఎంత ధైర్యమొచ్చిందంటే, మా ఆవిడకు అసలు సంగతి ఎప్పుడో ఒకప్పుడు ఈ గుట్ట కథతో కలిపి చెప్పేయొచ్చనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు అంటే సెలవు మీద వెళ్లినప్పుడని నా ఉద్దేశం.

కానీ నాకో దోస్తు ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, మా కంపెనీలో స్టోర్ చూస్తాడు. భార్యతో మెసైమీర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటాడు. మంచితనమే ఆయన జబ్బు. ఒకరోజు సాంపుల్ ఫ్లాటులో నా పక్కన కూర్చుని ఉండగా మా ఆవిడ కాల్ వస్తే, ఫోన్ లాక్కుని, "చెల్లే, ఒకసారి విజిట్ మీద వచ్చి మా ఇంట్ల ఉండు, పదిహేను రోజులు దోహా మొత్తం చూపిస్తం" అన్నాడు.

"మీ ఇంట్ల ఎందుకన్నా, పలాజో ఉన్నది గద" అంది ఆవిడ.

దోస్తు నా వంక చూశాడు. నేను ప్లాస్టిక్ నిమ్మకాయల వంక చూశాను. "పలాజోల... రిపేరు నడుస్తున్నది చెల్లే" అని ఆయనే అన్నాడు పాపం. ఆ రోజు నుంచి ఆయన కూడా నా అబద్ధంలో భాగస్వామి.

రెండు నెలలకు ఆవిడ నిజంగానే దిగింది. చలికాలం, దోహా మనుషులుండేలా ఉండే కాలం. ఈలోగా భవనం పూర్తయి, తాళాలు యజమానులకు అప్పగించేశారు. మా గేటు పాసులు రద్దయ్యాయి, నన్ను వేరే సైటుకు వేశారు. మెసైమీర్‌లో ఆవిడ పెట్టె విప్పితే చీరల మధ్య ఒక ఇత్తడి గిన్నె, పసుపు కొమ్ము, బెల్లం ముక్క, పావుసేరు బియ్యం.

"ఇవి ఎందుకే?"

"పలాజోల పాలు పొంగియ్యకుంటనే దిగినవ్ గద. అందుకే నీకు ఊకె జ్వరాలు. నేనొచ్చిందే అందుకు."

రేపు అన్నాను. రేపు ముషైరిబ్ స్టేషనుకు తీసుకెళ్లి, డ్రైవరు లేని మెట్రో ఎక్కించాను. ఆవిడ ముందు పెట్టెలోకి వెళ్లి డ్రైవరు లేడని స్వయంగా చూసుకుని మరీ కూర్చుంది. ఎల్లుండి అన్నాను. ఎల్లుండి సూక్ బజారులో డేగలను చూపించాను. ఆవిడ ప్రతిదీ చూసి సంబరపడింది, ప్రతి సాయంత్రం గిన్నె సంగతి అడిగింది. నాలుగో రోజు దోస్తు నన్ను వీధిలోకి లాక్కెళ్లాడు.

"మియా, బస్. మా ఇంట్ల ఉప్పు తిన్న చెల్లెకు ఎంతకాలం ఝూట్ చెప్పాలె? నా బీవీ అయితే నాతోని మాట్లాడ్తలేదు. రేపు గురువారం. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

గురువారం డ్యూటీ అయ్యాక ఆవిడను పలాజోకే తీసుకెళ్లాను. అక్కడికెళ్తే మాట దొరుకుతుందేమోనని. సంచిలో గిన్నె పట్టుకుని ఆవిడ పట్టుచీరలో వచ్చింది. గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ మర్యాదగా హిందీలో అడిగాడు, "ఏ ఫ్లాట్ సార్?"

ఆ గేటు గోడకున్న ప్రతి రాయీ నేను పెట్టించిందే. ఎడమవైపు మూడో పలక చార కోసం రెండు రోజులు పోట్లాడాను. ఆ పలక పక్కనే నిలబడి ఫ్లాటు నంబరు చెప్పలేకపోయాను.

"మూడో అంతస్తని చెప్పరాదయ్యా" అంది ఆవిడ.

"నేనుండేది ఇది గాదే."

అప్పుడు మొదలుపెట్టాను గుట్ట కథ. గొర్రెల కాపరులు, గుంజల గుంతలు, చక్రవర్తులు, చేపల వాసన, మా క్యాంపు మెట్లు. ఆ లెక్కన క్యాంపు కూడా పలాజోనే అని ముగించాను. సెక్యూరిటీ కూడా ఏదో ప్రమాదం జరిగిందనుకుని శ్రద్ధగా విన్నాడు. ఆవిడ పూలమొక్కల చుట్టూ మేం కట్టిన రాతి అరుగు మీద కూర్చుని, గిన్నె సంచి ఒళ్లో పెట్టుకుంది.

"జ్వరమొచ్చిన దినాలల్ల యాడ పండుకున్నవ్?"

"క్యాంపుల."

"రూముల ఎంతమంది?"

"ఆరుగురం."

"గంజి ఎవలు పోసిన్రు?"

"పక్క మంచం నేపాలాయన."

ఆవిడ తల వంచుకుని సంచి తాడును వేలికి చుట్టుకుంది.

"ఆ నాలుగు దినాలు నేను కడుపునిండ తిన్న. కంటినిండ నిద్రపోయిన. పలాజోల ఉన్నడు, ఆయనకేంది అనుకున్న. నువ్వు జ్వరంల పడి ఉంటె నన్ను గట్ల నిద్రపోనిచ్చినవ్ గదయ్యా."

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆమె సంతోషం కోసమే అబద్ధమాడానని నన్ను నేను మెచ్చుకుంటూ తిరిగాను ఇన్నాళ్లు. ఆమె నుంచి నేను ఏం లాక్కున్నానో అప్పటికి గాని తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సెక్యూరిటీ చూడకుండా గోడ వైపు తిరిగితే, అక్కడ మూడో పలక.

మర్నాడు శుక్రవారం. సెలవు. పొద్దున్నే భయపడుతూ మెసైమీర్ వెళ్లాను. ఆవిడ తలస్నానం చేసి తయారై ఉంది. దోస్తు భార్య రెండు పాలసీసాలు సంచిలో సర్దుతోంది. పక్కనే దోస్తు, ఒంటె పాలైతే ఇంకా బర్కత్ ఉంటుందని సలహా ఇచ్చి ఇద్దరు ఆడవాళ్ల చేతా చివాట్లు తింటున్నాడు.

"నడువు" అంది మా ఆవిడ.

"యాడికి?"

"నువ్వు పండుకునే కాడికి."

"క్యాంపులకు ఆడోళ్లను రానియ్యరే."

"లోపలికి నేనెందుకు వస్త? మంద మారితె మీ అమ్మ పాలు పొంగియ్యలేదా? మందకేమన్న తలుపులుండెనా, తాళముండెనా?"

దోస్తు పకపకా నవ్వాడు. "చెల్లె వాదన ముందు నీ ఇటలీ దలీల్ బేకార్ మియా!" అని, చలికాలం పిక్నిక్‌లకు వాడే చిన్న గ్యాసు పొయ్యి తెచ్చి కారులో పెట్టాడు.

మా క్యాంపు వెనక గోడకూ లారీలు నిలిపే ఖాళీ జాగాకూ మధ్య కొంచెం ఇసుక నేల ఉంది. పైన రెండో అంతస్తులో ఎడమనుంచి నాలుగోది మా గది కిటికీ. ఆవిడ ఆ కిటికీ చూపించమని, దానికి ఎదురుగా నిలబడి, తూర్పు ఎటో అడిగి, నేల మీద నీళ్లు చల్లింది. పొయ్యి పెట్టి అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటి గీసింది. అదీ ఆరిపోయింది. చలికాలపు గాలి ఇక్కడ ఊరికే ఉండదు, ఇసుకను వెంటేసుకుని వస్తుంది. ఎనిమిదో పుల్లకు దోస్తు కారు అడ్డం పెట్టాడు, అయినా లాభం లేదు.

నేను కిటికీ వైపు కేకేశాను. ఐదు నిమిషాల్లో మా గది మొత్తం దిగింది. ఇద్దరు నేపాలీలు, ఒక బంగ్లాదేశ్ ఆయన, ఒక శ్రీలంక ఆయన, సిరిసిల్ల దిక్కు నుంచి మనవాడొకడు. లుంగీల మీద స్వెట్టర్లు, ఒకాయన నోట్లో ఇంకా పళ్ల బ్రష్షే. ఆవిడ వాళ్లను చూసి చెంగు భుజం మీదికి లాక్కుని, గంజి పోసిన నేపాలాయన ఎవరని మాత్రం అడిగింది. చూపించాను. ఆయనకు రెండు చేతులా దండం పెట్టింది. ఆయన కంగారుపడి బ్రష్షు పట్టుకున్న చేత్తోనే తిరిగి దండం పెట్టాడు.

"గాలికి అడ్డం నిలబడుండ్రి" అంది. సిరిసిల్లాయనకు, దోస్తుకు తప్ప ఎవరికీ తెలుగు రాకపోయినా అందరికీ అర్థమైంది. అట్టపెట్టెలు, ఒక ప్లైవుడ్ ముక్క పట్టుకుని ఆరుగురం, దోస్తుతో ఏడుగురం, పొయ్యి చుట్టూ గుంజలు పాతినట్టు నిలబడ్డాం. మంట నిలిచింది.

పాలు వేడెక్కుతుండగా క్యాంపు వాచ్‌మెన్ పరుగెత్తుకొచ్చాడు. "మాఫీ, మాఫీ! ఇక్కడ నిప్పు మాఫీ!" అని దూరం నుంచే చేతులు ఊపుతున్నాడు. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదు, కుదరదని. అయిపోయింది, క్యాంపు బాసుకు రిపోర్టు పోతుందనుకున్నాను. మా శ్రీలంక ఆయన ఎదురువెళ్లి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. వాచ్‌మెన్‌ది కూడా ఆ దేశమే. ఆయన వచ్చి మా భుజాల మధ్య నుంచి గిన్నెలోకి తొంగి చూశాడు. కొత్త ఇంట్లోకి దిగితే వాళ్లూ పాలు పొంగిస్తారట, కొత్త సంవత్సరానికీ పొంగిస్తారట. టోపీ తీసి చంకలో పెట్టుకుని, "జల్దీ, జల్దీ" అంటూ మా మధ్యలో తానూ ఒక సందు మూసి నిలబడ్డాడు.

పాలు పైకి లేచాయి. నురగ అంచుదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది.

"తూర్పుకే! తూర్పుకే పొంగినయ్!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. వాచ్‌మెన్ కూడా కొట్టాడు. అందులోనే బియ్యం, బెల్లం వేసి పరవాన్నం ఉడికించి, కాగితం కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చింది. బియ్యం సగమే ఉడికాయి. అంత రుచైన పరవాన్నం నేను తినలేదు.

తర్వాత ముందే విడిగా తీసి ఉంచిన పాలు ఒక కప్పు నా చేతిలో పెట్టి, "ఇగ నువ్వు పైకి పో. వీడియో పెట్టు" అంది.

నేను మెట్లెక్కి గదిలోకి వెళ్లి ఫోన్ చేశాను. కిటికీలోంచి చూస్తే కింద గోడ అవతల ఇసుకలో నిలబడి ఉంది, ఫోనులో చూస్తే నా అరచేతిలో ఉంది. రెండేళ్లలో ఎన్ని వందల కాల్స్ చేశానో, ఈ గది చూపిస్తున్నది ఇదే మొదలు.

"నీ మంచమేది?"

చూపించాను.

"కిందిదా, మంచిగైంది. పైది పడకు. లుంగీ యాడ ఆరేస్తవ్?"

మంచం కడ్డీకి కట్టిన తాడు చూపించాను.

"గోడకు ఆ మరకేంది? దిండు గంత నల్లగున్నదేంది? గలీబు ఉతుకవా? ఫోన్ ఇటు తిప్పు. ఇటు గాదు, అటు."

అలా పావుగంట నన్ను ఆ పది అడుగుల గదిలో తిప్పింది. చివరికి వేలు పాలలో ముంచి మంచం నాలుగు కాళ్లకూ అంటించమంది. అంటించాను. పక్క మంచాలకు కూడా అంటించమంది. ఆరు మంచాలకూ అంటించాను. నేను కిటికీ దగ్గరికి వస్తే కింద నుంచి చెయ్యి ఊపింది. నవ్వుతోందో ఏడుస్తోందో అంత దూరం నుంచి తెలియలేదు. ఫోనులో చూశాను, రెండూ చేస్తోంది.

పదిహేను రోజులు గడిచి ఆవిడ ఊరికి వెళ్లాక బీడీల వాకిట్లో అందరూ అడిగారట, పలాజో ఎట్లున్నదని. "ఆరుగురుంటరు. ఇనుప మంచాలు. పాలు తూర్పుకు పొంగినయ్" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఈసారి సెలవుకు వెళ్తే కిరాణా కొట్టాయన కుర్చీ వేస్తాడన్న ఆశ నాకు లేదు. రోమ్ గుట్ట కథ మాత్రం ఆమె నాకంటే బాగా చెబుతోందట. ఆ గుట్ట మీది కాపరులు కురుమలేనని తేల్చేసిందట కూడా. పండితులు కొట్టుకుంటున్నారు కాబట్టి నేను కాదనలేదు.

మొన్న చలికి మళ్లీ జ్వరమొచ్చింది. మంచం మీద నుంచే వీడియో కాల్ చేసి ఉన్నది చెప్పాను. నేను గంజి తాగేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు. ఉప్పు ఎంత వేయాలో నేపాలాయనకు తెలుగులోనే చెప్పింది, ఆయన కూడా తల ఊపి అంతే వేశాడు. మర్నాడు పొద్దున కాల్ చేస్తే ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిద్రపోలేదా?" అన్నాను.

"ఎట్ల పడ్తదయ్యా?" అంది.

అనకూడదు గానీ అంటున్నాను. ఇన్నేళ్ల ఖతార్‌లో నేను ఆ రాత్రి పండుకున్నంత హాయిగా ఏనాడూ పండుకోలేదు.